ఆశావహ దృష్టి – దాని మేలు, దానిని అలవరచుకొను విధము



ఈ కూటమిలో మాట్లాడుటకు మాకు ఇచ్చిన అంశము ఆశావహ దృష్టి. వినుటకు ఇది తేలికైన అంశమువలె ఉన్నది. "మంచి జరుగునని తలంచండి, మంచే జరుగును" అని చెప్పి ముగించవచ్చును. కాని వరంగల్ ప్రాంతములో పరిచర్య చేయువారమైన మేము ఆ ఒక్క మాటతో సరిపెట్టుకొనలేము. 1997-98లో ఈ జిల్లా పత్తి చేలు ఏమైనవో మీలో పెద్దవారు చూచినారు. పచ్చపురుగు, లద్దెపురుగు పైరును తినివేసినవి. అకాల వర్షములు వచ్చినవి. కొట్టిన మందు పని చేయలేదు. కొన్నిచోట్ల ఆ మందే నకిలీది. విత్తనము అప్పు, మందు అప్పు, కౌలు బాకీ ఒకేసారి మీద పడినవి. ఈ ఒక్క జిల్లాలోనే వందమందికి పైగా రైతులు తమ ప్రాణములను తామే తీసికొనిరి. 2019 ఏప్రిల్‌లో ఇంటర్మీడియట్ ఫలితములు వచ్చిన కొద్దిదినములలో తెలంగాణలో ఇరువదిమందికి పైగా విద్యార్థులు అదే దారిన పోయిరి. కాబట్టి నిరాశ అనునది మన ప్రాంతములో పుస్తకములలోని మాట కాదు. అది మన వాకిట నిలిచి, ఇంటిలోని వారిని తీసికొనిపోవు శత్రువు.

మొదట, ఆశావహ దృష్టి ఏది కాదో చూతము. యిర్మీయా గ్రంథము 28వ అధ్యాయములో హనన్యా అను ప్రవక్త ఉన్నాడు. రెండు సంవత్సరములలో బబులోను కాడి విరిగిపోవును, చెరపట్టబడినవారు తిరిగి వత్తురు అని అతడు దేవాలయములో ప్రకటించెను. ప్రజలకు అది ఎంతో తీపిగా ఉండియుండును. కాని అది నిజము కాలేదు. ఆ మరుసటి అధ్యాయములోనే యిర్మీయా చెరలోనున్నవారికి ఉత్తరము వ్రాసెను. డెబ్బది సంవత్సరములు పట్టును. కాబట్టి ఇండ్లు కట్టుకొనండి, తోటలు నాటుకొనండి, పిల్లలకు పెండ్లిండ్లు చేయండి, మీరున్న పట్టణము క్షేమమును కోరండి అని దాని సారాంశము. ఈ ఇద్దరిలో నిజమైన ఆశ గలవాడు ఎవడు? రెండేండ్లు అన్నవాడా, డెబ్బదియేండ్లు అన్నవాడా? డెబ్బదియేండ్లు అన్నవాడే. ఏలయనగా అతడు కష్టమును తగ్గించి చెప్పలేదు, ఆ కష్టములోనే చేయదగిన పని చూపించినాడు. తరువాత యెరూషలేము ముట్టడిలో ఉండగా, తాను చెరసాల ప్రాకారములో ఉండగా, అనాతోతులో పొలము కొనెను. పదునేడు తులముల వెండి తూచి ఇచ్చి, క్రయపత్రమును మట్టికుండలో భద్రపరచెను. శత్రువు చేతిలోనికి పోవుచున్న భూమికి రొక్కము చెల్లించుటను మనవారు పిచ్చి అందురు. లేఖనము దానిని నిరీక్షణగా చూపుచున్నది.

దీనినిబట్టి మనకు ఒక కొలత దొరకుచున్నది. "ఈసారి పంట తప్పక పండును" అని మూడెకరములవాడు పదెకరములు కౌలుకు పట్టి, ఎక్కువ వడ్డీకి అప్పు తెచ్చుట ఆశావహ దృష్టి కాదు. అది హనన్యా దృష్టి. "పత్తి పోయినను ఇల్లు నిలువవలెను" అని ఒక ఎకరములో కందియో జొన్నయో వేసి, రెండు పాడిగేదెలను పెట్టుకొనువానిది యిర్మీయా దృష్టి. ఆశ గలవాడు నష్టమును లెక్కించును. లెక్కించి కూడ పని మానడు.

ఇక దీని మేలు చూతము. ఇటీవలి దశాబ్దములలో శాస్త్రజ్ఞులు ఈ సంగతిని జాగ్రత్తగా పరిశీలించినారు. అమెరికాలో 180 మంది కన్యాస్త్రీలు తమ యౌవనములో, ఇంచుమించు ఇరువదిరెండేండ్ల వయస్సులో, తమ జీవితమును గూర్చి చేతితో వ్రాసిన చిన్న వ్యాసములను దాదాపు అరువదేండ్ల తరువాత చదివి చూచినారు. సంతోషము, కృతజ్ఞత, నిరీక్షణ తెలుపు మాటలు ఎక్కువగా వ్రాసినవారు మిగిలినవారికంటె ఎక్కువకాలము బ్రదికిరని 2001లో ప్రకటించినారు. అందరిది ఒకే రకమైన భోజనము, ఒకే రకమైన ఇల్లు, ఒకే రకమైన పని. అందుచేత ఆ భేదమునకు విలువ ఉన్నది. 2019లో మరియొక పరిశోధన వెలువడినది. అందులో 69,744 మంది స్త్రీలను, 1,429 మంది పురుషులను చాలాకాలము గమనించినారు. అందరికంటె ఆశావహులైనవారి ఆయుష్షు, అందరికంటె తక్కువ ఆశగలవారి ఆయుష్షుకంటె సగటున నూటికి 11 నుండి 15 వంతులు ఎక్కువగా ఉన్నది.

అయితే దీనిని మంత్రమువలె తీసికొనరాదు. ఆశగలవానికి జబ్బు రాదని ఎవరును చెప్పలేదు. రేపు అనునది ఒకటున్నదని నమ్మువాడు చక్కెరవ్యాధికి మాత్ర మానకుండ వేసికొనును, వైద్యుడు నడువుమన్నచో నడచును, బీడీ మానుటకు ప్రయత్నించును, మాటపట్టింపులకు బంధువును దూరము చేసికొనడు. రేపు లేదనుకొనువాడు ఈ దినమే అన్నిటిని వదలివేయును. మేలు కలుగు మార్గములలో ఇది ఒకటి. మరియొక హెచ్చరిక కూడ చెప్పవలెను. జబ్బుపడిన సహోదరుని మంచము ప్రక్క నిలిచి, "నీకు విశ్వాసము చాలలేదు గనుకనే ఇట్లయినది" అని మనలో ఎవరును అనకూడదు. అది ఓదార్పు కాదు, గాయముమీద గాయము.

ఇది మన గడ్డకు క్రొత్త పాఠము కాదు. పాకాల, రామప్ప, లక్నవరము చెరువులను చూడండి. కాకతీయులు వాటిని త్రవ్వించి ఎనిమిదివందల యేండ్లయినది. రామప్ప గుడి శాసనము 1213వ సంవత్సరము నాటిది. ఆ గుడిని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. గుడిని చూడ లోకమంతయు వచ్చుచున్నది, ఆ చెరువు ఇప్పటికిని పొలములు తడుపుచున్నది. చెరువు పని ఎండకాలపు పని. నీళ్ళు నిండినప్పుడు దానిని త్రవ్వలేము. మన్ను ఎత్తిన కూలివానికి ఆకాశములో మబ్బు కనబడలేదు, అయినను గంప దించలేదు. రాజుల రెండవ గ్రంథము మూడవ అధ్యాయములో ఎలీషా చెప్పినదియు ఇదే. గాలి లేదు, వాన లేదు, సేనకు త్రాగ నీళ్ళు లేవు. అయినను లోయలో గుంటలు త్రవ్వుడనెను. త్రవ్విన గుంటలోనే నీళ్ళు నిలిచెను.

నూరేండ్లు దాటిన మన సంఘ చరిత్రయు అట్టిదే. నాటి వరంగల్ జిల్లాలో, నేటి మహబూబాబాద్ జిల్లాలోనున్న డోర్నకల్‌నకు 1909లో వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు వచ్చినారు. తిరునెల్వేలి తమిళుడు, మన భాష నేర్చుకొని మన మధ్య బ్రదికినారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషపుగా అభిషేకము జరిగినది. ఆంగ్లికన్ సంఘములో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. భారతీయుడు ఆ భారము మోయలేడని శంకించినవారు ఆనాడు తక్కువమంది కారు. ఆయన చేతిక్రిందకు వచ్చినవారిలో ఎక్కువమంది భూమిలేని మాల మాదిగ కూలీలు, చదువు అందనివారు. వీరితో ఏమగునని లోకమన్నది. ఆయన వారికి బడులు పెట్టించి, వారిలోనుండియే ఉపాధ్యాయులను, గురువులను తయారుచేసినారు. ఎపిఫనీ దేవాలయమును 1939 జనవరి 6న ప్రతిష్ఠించినారు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూసినారు. దక్షిణ ఇండియా సంఘ ఐక్యత కొరకు ఆయన ఎంతో పాటుపడినారు. అది 1947 సెప్టెంబరు 27న నెరవేరినది, ఆయన దానిని చూడలేదు. తాను చూడని దినము కొరకు పని చేయుటయే నిరీక్షణ.

సరే, ఇది మనకు ఎట్లు అలవడును? నాలుగు సాధనలు చెప్పెదము.

మొదటిది, మన నోటి మాటను పట్టి చూచుకొనుట. మార్టిన్ సెలిగ్మన్ అను అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త, నిరాశాపరుడు కష్టమును మూడు విధములుగా చెప్పుకొనునని వివరించినాడు. ఇది ఎప్పటికిని పోదు, అన్నిటిలోను ఇంతే, అంతయు నా వలననే అని. మన యిండ్లలో ఈ మూడును దినదినము వినబడును. "నా బ్రదుకింతే" అనునది మొదటిది. "ఏది పట్టినా మన్నే" అనునది రెండవది. "నా నొసటి రాత" అనునది మూడవది. వీటిని విడదీసి ప్రశ్నించవలెను. పోయినది ఒక పంటయా, భూమియంతయునా? తప్పినది ఒక పరీక్షయా, జీవితమా? 2019లో తప్పినవారి జవాబు పత్రములను తిరిగి పరిశీలింపగా వెయ్యిమందికి పైగా ఉత్తీర్ణులైరి. ఇంక అయిపోయినదనుకొన్న తీర్పు తుది తీర్పు కాదు. వరంగల్‌లో 1934లో వెలసిన ఆజంజాహి మిల్లు 2002లో మూతపడినప్పుడు పని పోయినవాడు, "నాది దురదృష్ట జాతకము" అనుకొనుట న్యాయమా? ఒక మిల్లు మూతపడుట ఒక కూలివాని నొసటిమీద వ్రాయబడియుండదు.

ఏలీయా ప్రవక్తయు ఈ ఊబిలో పడినాడు. బదరీవృక్షము క్రింద కూర్చుండి, చావు కోరుకొనెను. నేనొక్కడనే మిగిలితినని పలికెను. దేవుడు అతనిని గద్దించెనా? లేదు. మొదట నిద్రపోనిచ్చెను, రొట్టెయు నీళ్ళును ఇచ్చెను, మరల నిద్రపోనిచ్చెను. అటుపిమ్మట ఒక లెక్క చెప్పెను. నీవొక్కడవే కావు, ఇశ్రాయేలులో ఏడువేలమంది మిగిలియున్నారు అని. నిరాశ తప్పుడు లెక్క వేయును. సరియైన లెక్క దానికి మందు. కాని ఆ లెక్కకు ముందు రొట్టె ఉన్నదని సేవకులమైన మేము మరువకూడదు. ఆకలితో, నిద్రలేమితో ఉన్నవానికి ప్రసంగము రెండవది.

రెండవ సాధన, పిడికెడు బియ్యము. మన తల్లులు అన్నము వండుటకు ముందు ఒక పిడికెడు బియ్యము కానుకగా వేరుగా ఉంచెడివారు. ఇంటిలో బియ్యము చాలని దినమున కూడ పిడికిలి మానలేదు. ఆ పిడికిళ్ళతోనే మన దేవాలయములు, బడులు నిలిచినవి. అదే విధముగా ప్రతి రాత్రి పండుకొనుటకు ముందు ఆ దినమున జరిగిన మూడు మంచి సంగతులను, అవి ఎందువలన జరిగినవో, ఒక నోటు పుస్తకములో వ్రాయండి. ఒక వారము ఇట్లు చేసినవారిలో ఆరు నెలల తరువాత కూడ సంతోషము పెరిగి, దిగులు తగ్గియుండుట 2005లో వెలువడిన పరిశోధనలో కనబడినది. చదువురానివారు కుటుంబ ప్రార్థనలో నోటితో చెప్పవచ్చును. మూడు సంగతులు పెద్దవి కానక్కరలేదు. గేదె ఈనినది, జ్వరము తగ్గినది, పొరుగువాడు పలుకరించినాడు, ఇవి చాలును.

మూడవది, చేతికి అందిన ఒక చిన్న పని. దిగులు మనిషిని కూర్చుండబెట్టును. అప్పు అంతయు నేడు తీరదు, కాని ఎవరికి ఎంతయో ఒక కాగితముమీద వ్రాయుట నేడు చేయవచ్చును. బ్యాంకునకు వెళ్ళి గడువు అడుగుట రేపు చేయవచ్చును. గుంట ఎంత చిన్నదైనను వాన వచ్చినప్పుడు నిండునది అదే.

నాలుగవది, ఒంటరిగా ఉండకుండుట. అప్పులో పడినవాడు మొదట మానునది గుడికి వచ్చుట. సిగ్గు అతనిని ఆపును. రెండు ఆదివారములు కనబడనివాని ఇంటికి మూడవ ఆదివారమునకు ముందే ఎవరైన వెళ్ళవలెను. వెళ్ళి, అప్పు సంగతి ఎత్తకుండ, ఒక పూట అతనితో భోజనము చేయండి. చనిపోవలెనని తలంపు వచ్చుచున్నదా అని తిన్నగా అడుగుటకు జంకకండి. అడుగుటవలన ఆ తలంపు పుట్టదు, దాచిన భారము దిగును. నిద్ర, ఆకలి పోయి వారముల తరబడి లేవలేకున్నవానిది విశ్వాసలోపము కాదు, వ్యాధి. అతనికి ప్రార్థనయు కావలెను, వైద్యుడును కావలెను. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము టెలి మానస్ అను ఉచిత సేవను ప్రారంభించినది. 14416 నంబరుకు ఏ వేళనైనను ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చును. ఈ నంబరును ప్రతి దేవాలయపు గోడమీద, వాక్యము వ్రాసినంత పెద్ద అక్షరములతో వ్రాయవలసినదిగా సంఘ పెద్దలను కోరుచున్నాము.

ప్రియులారా, తల్లిదండ్రులైన మీకు ఒక మాట. ఫలితములు వచ్చు దినమున బిడ్డ ఇంటికి వచ్చినప్పుడు, మార్కులు అడుగుటకు ముందు అన్నము పెట్టండి. తరువాత మార్కులు అడుగవచ్చును. దేవుడు ఏలీయాకు చేసినది అదే వరుస. ఆ వరుస మన యిండ్లలో, మన సంఘములలో నిలిచినయెడల, రాబోవు తరము మననుగూర్చి, వీరు వాన రాకముందే చెరువు త్రవ్వినవారు అని చెప్పుకొనును.

దేవుడు మిమ్మును దీవించును గాక.