నోట్లో మచ్చ ఉంటే పూత మందుతో సరిపెట్టుకోవద్దు
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



పొదుపులు, బ్యాంకు లింకేజీ లెక్కలు కార్యదర్శి గారు చదివారు. మేము మన నోటి ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెబుతాం.

మన శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల్లో ఆడవాళ్లకు అడ్డపొగ అలవాటు ఉంది. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకొని కాలుస్తారు. గాలికి ఆరిపోదు, చుట్ట ఎక్కువసేపు వస్తుంది, పని చేసుకుంటూ కాల్చుకోవచ్చు అని మన పెద్దవాళ్లు అలవాటు పడ్డారు. ఆ వేడి, ఆ పొగ తిన్నగా అంగిలికి తగులుతాయి. అందుకే అడ్డపొగ కాల్చేవాళ్లకు కాన్సర్ అంగిలికి ఎక్కువగా వస్తుంది. అంగిలి మన కంటికి మనకు కనబడదు. మొదట్లో నొప్పి కూడా ఉండదు.

సంఘం మీటింగుల్లో అందరూ అడిగేది ఒక్కటే. "మచ్చ మీద పూసే మందుంటే చెప్పండమ్మా, ఆస్పత్రికెందుకు?" అని.

మచ్చ కాన్సర్‌గా మారకముందే దాని మీదే మందు పెట్టాలని శాస్త్రవేత్తలు పరిశోధనలు చేస్తున్నారు. పూసే జెల్లు, అంటించే పట్టీలు తయారుచేసి చూస్తున్నారు. మింగిన మాత్ర ఒళ్లంతా తిరుగుతుంది. పట్టీ అయితే మందు ఎక్కువగా మచ్చకే అందుతుంది. నోట్లో ఉమ్మి ఊరి మందును కడిగేస్తుంది కాబట్టి, అది అంటుకొని ఉండేలా చెయ్యడం కష్టం. ఆలోచన మంచిదే. కానీ అది ఇంకా పరిశోధనలోనే ఉంది. మన మందుల షాపులో ఇచ్చే నోటిపూత జెల్ అది కాదు. ఈ జెల్ మంట తగ్గిస్తుంది, మచ్చను ఆపదు.

మా ఊళ్లో ఒక పెద్దమ్మ ఆరు నెలలు ఆ జెల్లే రాసుకుంది. "మంట తగ్గింది, ఇంకేటవుతాది?" అంది. మచ్చ పుండయ్యాక విశాఖ తీసుకెళ్లాం. దారి ఖర్చులకు సంఘం అప్పిచ్చింది. ఆపరేషన్‌లో అంగిలి కొంత తీసేశారు. బతికింది, కానీ అన్నం గంజిలా పిసుక్కొని తింటోంది.

ఇప్పుడు మన చేతిలో ఉన్న మందు పొగాకు మానడమే. శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల పల్లెల్లో పొగాకు వాడే 36,000 మందితో చేసిన పరిశోధన ఫలితాలు 1986లో వచ్చాయి. పొగాకు మానమని నచ్చజెప్పిన చోట కొత్తగా మచ్చలు రావడం తగ్గింది. అందులో మన జిల్లావాళ్లూ ఉన్నారు. మానడానికి సాయం కావాలంటే 1800-11-2356 కు ఉచితంగా ఫోన్ చెయ్యొచ్చు.

తెల్లమచ్చ, ఎర్రమచ్చ, రెండు వారాలైనా మానని పుండు, నోరు సరిగా తెరుచుకోకపోవడం, వీటిలో ఏది కనబడినా ఏఎన్ఎం గారికి చూపించాలి. 30 ఏళ్లు దాటినవాళ్లకు ప్రభుత్వమే నోటి పరీక్ష చేయిస్తుంది. మచ్చలన్నీ కాన్సర్ కావు. అనుమానం ఉంటే చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తారు. ముక్క తీస్తే రోగం పాకుతుందన్న మాట నిజం కాదు. విశాఖ అగనంపూడిలో హోమీ భాభా కాన్సర్ ఆస్పత్రి ఉంది. ఇదివరకు ఆరోగ్యశ్రీ అని పిలిచిన ఎన్టీఆర్ వైద్య సేవలో కాన్సర్ వైద్యం ఉంది.

సభ ముందు మూడు కోరికలు పెడుతున్నాం.

1. మూడు నెలలకోసారి సంఘం మీటింగుకి ఏఎన్ఎం గారిని పిలిచి, టార్చిలైటు వేసి అందరి నోళ్లూ చూపించుకోవాలి. అడ్డపొగ కాల్చే అత్తలనూ అమ్మలనూ తీసుకురావాలి.

2. పరీక్షకు వెళ్లే సభ్యురాలికి తోడుగా ఒకరు వెళ్లాలి. ఆ రోజు కూలి పోతుందని ఎవరూ ఆగిపోకూడదు. దారి ఖర్చు సంఘం నిధి నుంచి ఇవ్వాలి.

3. వైద్యంలో ఉన్న సభ్యురాలికి వాయిదా ఆలస్యమైతే జరిమానా వెయ్యకూడదు.

వీటిని ఈ రోజే తీర్మానంగా రాయించమని సభాధ్యక్షురాలు గారిని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.