పైలం



ఈ బాల్కొండ సాహితీ సభకు నన్ను పెద్దగా కూర్చోబెట్టి, ‘ఉగ్రదాడి తర్వాత దేశ భద్రత’ మీద మాట్లాడమన్నారు. పోలీసు అకాడమీలో చెప్పాల్సిన సంగతి కథలు రాసుకునేవాణ్ణి ఎందుకు అడిగారా అనుకున్నాను. తర్వాత తట్టింది. భద్రత అనేది సర్కారు కాగితాల మాట. మన ఇండ్లల్లో దానికి వేరే మాట ఉంది. దుబాయికి పోయే కొడుకును ఆర్మూరు బస్టాండులో బస్సెక్కిస్తూ తల్లి ‘పైలం బిడ్డా’ అంటుంది. నా కళ్లముందే ఆ మాటకు అర్థం ఎట్లా మారిందో చెప్తాను.

2007 ఆగస్టు 25 సాయంత్రం హైదరాబాదులో లుంబినీ పార్కులో, కోఠి గోకుల్ చాట్ దగ్గర బాంబులు పేలి 42 మంది పోయారు. ఆ తర్వాత చాలాకాలం పైలం అంటే సంచి. బస్సులో ఎవరిదో తెలియని సంచి కనపడితే అందరూ కాళ్లు పైకి తీసుకునేవాళ్లు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్ల మీద పెట్టిన బాంబులు పేలాక, మూలకు నిలబెట్టిన సైకిలును చూసినా గుండె దడ. సర్కారు తన వంతుగా ఉగ్రవాదాన్ని ఎదిరించే ఆక్టోపస్ దళాన్ని పెట్టింది, 2008 ముంబై దాడి తర్వాత జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్‌ఐఏ వచ్చింది. అయినా 2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో కాల్చి చంపిన 26 మందిలో మన విశాఖవాసి ఒకరు, కావలిలో పుట్టినవారు ఒకరు ఉన్నారు.

ఇప్పుడు సంచి వెతికితే సరిపోదు. అదే ఏడాది నవంబరు 10న ఢిల్లీ ఎర్రకోట దగ్గర కారు పేలింది. అంతకు కొద్దిరోజుల ముందే గుజరాత్ ఉగ్రవాద నిరోధక దళం (ఏటీఎస్) హైదరాబాదులో ఉండే ఒక డాక్టరును పట్టుకుంది. ఆముదం గింజల నుంచి రైసిన్ అనే విషం తీసే ప్రయత్నంలో ఉన్నాడని ఆరోపణ. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. నన్ను కలవరపెట్టింది మాత్రం ఆ గింజ. మా అవ్వ పసిపిల్లల మాడుకు అద్దిన ఆముదం! డ్రోనూ అంతే. 2021 జూన్‌లో జమ్మూ వైమానిక స్థావరం మీద బాంబులు వేసింది డ్రోనే. శ్రీరాంసాగర్ కింద వరి మడిలో మందు కొడుతున్నదీ డ్రోనే. ఆముదం పండించొద్దంటామా? డ్రోన్ వద్దంటామా?

పసుపు ఊళ్లో ఉన్నాను కనుక ఇక పసుపు మాట. నిజామాబాద్ యార్డులో కుప్ప ఎంత మెరిసినా వ్యాపారి మెరుపుకు ధర కట్టడు. ఒక కొమ్ము తీసి, పుటుక్కున విరిచి, లోపలి రంగు చూసి అప్పుడు నోరు విప్పుతాడు. 2025 మే నెలలో ఆపరేషన్ సిందూర్ జరిగిన ఆ నాలుగు రాత్రులు మనం ఒక్క కొమ్మయినా విరిచామా? కరాచీ రేవు ధ్వంసమైందని టీవీలు అరిచాయి. కాలేదు. వీడియోగేమ్ బొమ్మలను యుద్ధ దృశ్యాలని నమ్మి పదిమందికి పంపాం. ఇందులో నేనూ ఉన్నాను, ఒప్పుకుంటున్నాను. నిజమైన వార్త వేరే ఉండె. శ్రీసత్యసాయి జిల్లా కల్లితండా నుంచి పోయిన జవాను సరిహద్దులో ప్రాణం విడిచాడు.

విరిచి చూడని తొందర సర్కారుకూ ఉంటుంది. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలి 9 మంది, తర్వాత పోలీసు కాల్పుల్లో 5 మంది చనిపోయారు. మొదట పాతబస్తీ ముస్లిం యువకులను పట్టుకెళ్లారు. వాళ్ల మీద కేసు నిలబడలేదు. తర్వాత వేరేవాళ్ల మీద కేసు నడిచింది. 2018 ఏప్రిల్ 16న కోర్టు వాళ్లనూ వదిలేసింది. మరి ఆ బాంబు ఎవరు పెట్టినట్టు? ఇది ఏ మతంవాళ్లకైనా సమాధానం దక్కాల్సిన ప్రశ్న. సర్కారుకు ఈ తొందర కొత్తదీ కాదు. ఇక్కడికి దగ్గర్లోనే, ఇందూరు ఖిల్లా జైల్లో, నిజాం సర్కారు కవి దాశరథిని బంధించింది. ఆయన గోడ మీద బొగ్గుతో పద్యాలు రాస్తే ఆ సర్కారుకు అదీ ముప్పే అయింది. మనకు పైలం చెప్పేవాళ్ల విషయంలోనూ కాస్త పైలంగా ఉండాలని అందుకే అంటాను.

చివరగా ఫోను. మొన్న నాకొకటి వచ్చింది. మీ పేరు మీద మత్తుమందుల పార్సిల్ పట్టుబడింది, మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం, ఇల్లు కదలొద్దు అన్నాడు. డెబ్బై దాటినవాణ్ణి, మోకాళ్ల నొప్పులు, ఎక్కడికి కదుల్తాను నాయనా అన్నాను. పెట్టేశాడు. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చెప్పి కూర్చున్నాక నవ్వు పోయింది. వాడిది మన తెలుగే, మన యాసే.

ఉద్యోగమని ఏజెంటు మాట నమ్మి పోయినవాళ్లను మయన్మార్‌లో బంధించి, ఇట్లాంటి మోసాలు చేయిస్తున్నారు. 2025 మార్చిలో అక్కడ చిక్కినవాళ్లలో 500 మందికి పైగా భారతీయులను వాయుసేన విమానాల్లో వెనక్కి తెచ్చారు. అందులో తెలంగాణ, ఆంధ్ర పిల్లలున్నారు. వాళ్లూ ఏదో ఒక బస్టాండులో ‘పైలం బిడ్డా’ అనిపించుకుని పోయినవాళ్లే.

ఇక్కడ కూర్చున్న చిన్నవాళ్లకు ఒక పని అప్పజెప్తున్నాను. అట్లా తిరిగొచ్చినవాళ్లు మీ చుట్టుపక్కల ఎవరైనా ఉంటే పోయి కలవండి. పేరు బయటపెట్టకండి, తీర్పు చెప్పకండి, వాళ్లు చెప్పింది వినండి. వచ్చే సభకు ఆ కథ రాసి తీసుకురండి. ముందు వరసలో కూర్చుని వింటాను.