ట్రాన్స్‌ఫర్ షీట్ల పని: లోన్ పెట్టుకునే ముందు తెలుసుకోవాల్సిన సంగతులు

(సమాఖ్య వార్షిక మహాసభలో జీవనోపాధుల ఉప సంఘం తరఫున చేసిన ప్రసంగం)



ఈ ఏడాది సమావేశాల్లో మమ్మల్ని చాలామంది ఒకే మాట అడిగారు. "కప్పుల మీద, టీ షర్టుల మీద, గుడ్డ సంచుల మీద బొమ్మలు వేసే మెషిన్ కొందామనుకుంటున్నాం, లోన్ పెట్టుకోవచ్చా?" అని. పెట్టుకోవచ్చు. పని మంచిదే. ఇంట్లో ఒక గది చాలు, పిల్లల్ని బడికి పంపాక చేసుకోవచ్చు. కానీ ఏ షీటు దేనికి పడుతుందో, ధర ఎంత చెప్పాలో తెలియకుండా దిగితే కిస్తీ మన మెడకు చుట్టుకుంటుంది. అందుకని ఈ రోజు ఆ రెండు సంగతులే వివరంగా చెప్తాం.

మనకు తెలిసిన పనే

మగ్గం వర్క్ చేసే అక్కలకు ఇది మరీ కొత్తది కాదు. ట్రేసింగ్ పేపర్ మీద డిజైన్ గీసి, గీత వెంట సూదితో రంధ్రాలు పొడుస్తాం. దాన్ని జాకెట్ గుడ్డ మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన జింక్ పౌడర్‌తో రుద్దుతాం. కాగితం తీస్తే డిజైన్ చుక్కలు చుక్కలుగా గుడ్డ మీదికి దిగి ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ షీటు పని కూడా ఇంతే. బొమ్మ ముందు కాగితం మీదో ఫిల్మ్ మీదో తయారవుతుంది, తర్వాత వస్తువు మీదికి దిగుతుంది. అక్కడ చేత్తో రుద్దుతాం, ఇక్కడ వేడి పెట్టి నొక్కుతాం.

ఏ షీటు దేనికి

మొదటిది సబ్లిమేషన్ షీటు. హారతి కర్పూరం మూత తీసి పెడితే కరగకుండానే గాలిలో కలిసిపోతుంది కదా, ఈ ఇంకు గుణం కూడా అదే. వేడి తగలగానే ఆవిరై, వస్తువు లోపలికి దూరి, అక్కడే ఉండిపోతుంది. గోరుతో తడిమినా చేతికి తగలదు, ఉతికినా ఊడదు. కానీ ఇది పాలిస్టర్‌కే పడుతుంది. మరి పింగాణీ కప్పుకి ఎలా పడుతోంది అని అడుగుతారు. సబ్లిమేషన్ కప్పులకు పైన ప్రత్యేకమైన పూత వేసి అమ్ముతారు, రంగు పట్టుకునేది ఆ పూతే. పాత్రల కొట్లో దొరికే మామూలు కప్పుకి పట్టదు. ఇంకో సంగతి, ఈ ఇంకుల్లో తెలుపు ఉండదు. బొమ్మలో తెల్లగా కనిపించేదంతా కింద ఉన్న వస్తువు తెలుపే. కాబట్టి తెల్లవి, లేత రంగువి తీసుకోవాలి. నల్ల బట్టకు వద్దు.

రెండోది డీటీఎఫ్ ఫిల్మ్. ప్లాస్టిక్ ఫిల్మ్ మీద రంగులు, వాటిపైన తెలుపు ప్రింట్ చేసి, జిగురు పొడి చల్లి, వేడితో కరిగిస్తారు. మనం ప్రెస్‌లో నొక్కితే ఆ జిగురు బట్టకు పట్టేసుకుంటుంది. కాటన్, పాలిస్టర్, రెండూ కలిసిన బట్ట, తెలుపు, నలుపు, అన్నింటికీ పనికొస్తుంది. బొమ్మ ఉన్నచోట చేతికి పలచని పొరలా తగులుతుంది. నేత బాగా గరుకుగా ఉన్న జనపనార సంచి మీద మాత్రం సన్నని గీతలు, చిన్న అక్షరాలు నీటుగా రావు.

మూడోది ఇంట్లో ఉండే ఇంక్‌జెట్ ప్రింటర్‌తోనే వేసుకునే ట్రాన్స్‌ఫర్ పేపర్. లేత రంగు బట్టకు ఒకటి, ముదురు బట్టకు ఒకటి, విడివిడిగా అమ్ముతారు. బొమ్మ అంచు వెంట కత్తిరించకపోతే చుట్టూ పొర కనిపిస్తుంది. ఉతుకుల మీద ఉతుకులు పడితే తొందరగా పగుళ్లు వస్తాయి. శాంపిల్ చూపించడానికి బాగుంటుంది, పెద్ద ఆర్డరుకి వద్దు.

ఇది ఎందుకింత నొక్కి చెప్తున్నామంటే, 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు చాలావాటిని దేశమంతటా నిషేధించారు. అదే ఏడాది డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్ల కన్నా పలచని ప్లాస్టిక్ సంచులూ పనికిరావన్నారు. అప్పట్నుంచి కొట్లవాళ్లు, పెళ్లిళ్లవాళ్లు పేరు వేసిన గుడ్డ సంచులు అడుగుతున్నారు. మన దగ్గర కుట్టే చేతులున్నాయి, ఆ ఆర్డర్లు మనకే రావాలి. కానీ ఆ సంచులు కాటన్‌వి. బజారులో "ఒకే సెట్టుతో అన్నీ వేసుకోవచ్చమ్మా" అని అమ్మేవాటిలో ఎక్కువ సబ్లిమేషన్ సెట్లే. అది కాటన్ మీద వేస్తే మొదట మసకగా కనిపిస్తుంది, ఉతికితే వెలిసిపోతుంది. కాబట్టి కొట్లో అడగాల్సిన మొదటి మాట ధర కాదు. "మా కాటన్ సంచి మీద ఇప్పుడే వేసి చూపించండి" అని అడగండి. మన సంచి మనమే పట్టుకెళ్లాలి. వేయించుకొచ్చి ఇంట్లో మూడు నాలుగు సార్లు ఉతికి చూశాకే బేరం.

ప్రెస్ దగ్గర

వేడి, సమయం, ఒత్తిడి, ఈ మూడూ కుదరాలి. సబ్లిమేషన్ బట్టకు దాదాపు 200 డిగ్రీల దగ్గర 45 నుంచి 60 సెకన్లు, కప్పుకి 180 నుంచి 200 డిగ్రీల మధ్య 2 నుంచి 4 నిమిషాలు, డీటీఎఫ్‌కి 150 నుంచి 160 డిగ్రీల దగ్గర 10, 15 సెకన్లు. ఇవి మోటు లెక్కలు. షీటు ప్యాకెట్ మీద ఏం రాసి ఉంటే అదే మొదటి మాట. ఏ కొత్త సరుకు వచ్చినా ముందు ఒకటి వేసి చూసి, కుదిరిన లెక్క గోడ మీద రాసి పెట్టుకోండి.

సబ్లిమేషన్‌లో బొమ్మను అద్దంలో కనిపించినట్టు తిప్పి ప్రింట్ చేయాలి, లేకపోతే పేరు వెనక నుంచి ముందుకొస్తుంది. బట్టని ముందు అయిదారు సెకన్లు ఉత్తినే నొక్కితే లోపలి తేమ పోతుంది. వానాకాలంలో ఇది తప్పనిసరి. నలుసు, దారప్పోగు ఉంటే అక్కడ మచ్చ పడుతుంది. కాగితం కదిలితే బొమ్మ రెండుగా కనిపిస్తుంది, అందుకే వేడికి తట్టుకునే టేపు వేయాలి. బొమ్మ వెలవెలబోతే వేడో సమయమో చాలలేదు. గోధుమ రంగుకి తిరిగితే ఎక్కువైంది. కప్పు బయటికి తీశాక చన్నీళ్లలో ముంచవద్దు, పగలొచ్చు. డీటీఎఫ్‌లో కొన్ని ఫిల్ములు వేడిమీదే లాగాలి, కొన్ని చల్లారాకే లాగాలి. అది కొనేటప్పుడే అడిగి రాసుకోండి. బొమ్మ వేసిన బట్టను తిరగేసి ఉతకమని, బొమ్మ మీద నేరుగా ఇస్త్రీ పెట్టవద్దని కొన్నవాళ్లకు చెప్పాలి.

పెద్ద ప్రెస్ 1,500 వాట్ల పైనే లాగుతుంది. ఫ్యాన్ ప్లగ్గులో పెట్టొద్దు. విడిగా 15 ఆంపియర్ల ప్లగ్గు, ఎర్త్ వైరు ఉండాలి. కిటికీ తెరిచి పెట్టండి, చేతికి గ్లౌజులు వేసుకోండి, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వొద్దు.

కూలి రాయని లెక్క లెక్క కాదు

ఇప్పుడు అసలు సంగతి. కప్పు 80 రూపాయలు అనుకుందాం. షీటు, ఇంకు 10, టేపు, కరెంటు 5. ఇక్కడికి 95. పెట్టె 10. మొత్తం 105. నూటికి 5 కప్పులు పాడవుతాయనుకుంటే 475 రూపాయలు పోయినట్టు, అంటే కప్పుకి దాదాపు 5. ఇప్పుడు 110 అయింది.

ప్రెస్‌లో ఉండేది 4 నిమిషాలే అయినా తుడవడం, కత్తిరించడం, టేపు వేయడం, పెట్టెలో సర్దడం కలిపితే కప్పుకి 10 నిమిషాలు పడుతుంది. 8 గంటలకు 48 కప్పులు. రోజు కూలి 480 వేసుకుంటే కప్పుకి 10. అంటే 120 రూపాయలు. ఇంకా కిస్తీ కలపలేదు.

నెలకు కిస్తీ 3,000 అనుకోండి. నెలకు 300 కప్పులు వేస్తే కప్పుకి 10, ఖరీదు 130. నెలకు 100 కప్పులే వేస్తే కప్పుకి 30, ఖరీదు 150. టౌన్లో 125కి ఇస్తున్నారని మనమూ 125కి ఇచ్చామనుకోండి. చేతిలో కప్పుకి 15 మిగిలినట్టు కనిపిస్తుంది. అందులో 10 మన కూలి. కిస్తీకి మిగిలేది 5, నూరు కప్పులకు 500. తక్కిన 2,500 ఎక్కడి నుంచి వస్తుంది? మన కూలి వదులుకుంటాం, చాలకపోతే పాల డబ్బుల్లోంచి కడతాం. పైకి చూస్తే యూనిట్ నడుస్తూనే ఉంటుంది, లోపల ఆడమనిషి ఉత్తి పుణ్యానికి పని చేస్తూ ఉంటుంది. ఈ ధరలు మీ ఊరివి వేసుకోండి, కానీ వరుస మాత్రం ఇదే. కూలి, పాడైన సరుకు, కిస్తీ, ఈ మూడు గళ్లు లేని లెక్కను లెక్క అనకండి.

ఎవరి బొమ్మ

కస్టమర్ ఇచ్చిన ఇంటి ఫోటో, కొట్టు పేరు, బడి చెప్పిన బడి గుర్తు వేయొచ్చు. టీవీ కార్టూన్ బొమ్మలు, పెద్ద కంపెనీల గుర్తులు, సినిమా పోస్టర్లు అడిగారు కదా అని వేసి అమ్మకూడదు. వాటి మీద హక్కు వాళ్లది, 1957 నాటి కాపీరైట్ చట్టం ఉంది, ట్రేడ్ మార్క్ చట్టమూ ఉంది. అలాగే కలంకారీ డిజైన్‌ను షీటు మీద ప్రింట్ చేసి దించి "కలంకారీ సంచి" అని అమ్మవద్దు. శ్రీకాళహస్తిలో కలంతో గీసేవాళ్లు, పెడనలో అచ్చులతో అద్దేవాళ్లు ఉన్నారు, ఆ రెండింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. వాళ్లవీ మనలాంటి కుటుంబాలే. మన పనిని ప్రింట్ అనే చెప్పి అమ్ముదాం.

ముందు ప్రెస్, తర్వాత ప్రింటర్

చివరగా మా సలహా. ప్రింటర్‌తో మొదలుపెట్టకండి. డీటీఎఫ్ ప్రింటర్‌ను రోజూ నడపాలి. ఆర్డర్లు లేక ఆపేస్తే తెల్ల ఇంకు పేరుకుపోయి హెడ్డు మూసుకుపోతుంది. ప్రింట్ చేసిన ఫిల్ములు టౌన్లో దొరుకుతాయి. బొమ్మ ఇచ్చి వేయించుకుని, ఒక్క ప్రెస్‌తో మన సంచుల మీద మనం దించుకోవచ్చు. ఆరు నెలలు ఆర్డర్లు ఆగకుండా వస్తే అప్పుడు ప్రింటర్ సంగతి చూద్దాం. రెండు మూడు సంఘాలు కలిసి ఒక ప్రెస్ పెట్టుకుంటే ఇంకా మంచిది, కిస్తీ తలా కొంచెం అవుతుంది.

రుణం దరఖాస్తుతో పాటు గ్రామ సంఘానికి మూడు తీసుకురండి: ఉతికి చూసిన శాంపిల్ సంచి, మొదటి మూడు నెలలకు ఎవరెవరు ఎన్ని అడిగారో రాసిన కాగితం, కూలి గడి ఉన్న లెక్క. ఆ మూడూ చూసి తీర్మానం రాయండి. శాంపిల్ వేసి చూసుకోవడానికి తోడు కావాలంటే ఉప సంఘం సభ్యులం మేము మీతో కొట్టు దాకా వస్తాం.