పలక స్పీకర్లకు గట్టికఱ్ఱ చట్రములు

(మన సంఘ భవనమున ఆదివారపు సమావేశమందు చేసిన ప్రసంగ పాఠము)



కలపవ్యాపారికి ధ్వనిశాస్త్రముతో పనియేమని కొందఱు నవ్వుకొనవచ్చును. నేను మెట్రిక్యులేషనుతో చదువు చాలించి తండ్రిగారి అడితిలో కూర్చున్నవాడను, శాస్త్రజ్ఞుడను కాను. అయినను మన సంఘమునకు ఒక సభ్యుని కుటుంబమువారు దానముగా నిచ్చిన ఆ రెండు నిలువెత్తు స్పీకర్ల విషయమున కార్యవర్గమందు రెండు పక్షము లేర్పడినవి. అమ్మివేసి మామూలు పెట్టె స్పీకర్లు కొందమని కొందఱనుచున్నారు. ఉన్నవాటికి మంచి కఱ్ఱతో చట్రములు చేయించి వాడుకొందమని మఱికొందఱు. వచ్చు నెల సర్వసభ్య సమావేశమున దీనిని తేల్చవలసియున్నది. ఓటు వేయువారు వస్తువెట్టిదో తెలిసి వేయుట మేలని నేడు మాట్లాడుచున్నాను. నేను రెండవ పక్షమువాడనని ముందే చెప్పుచున్నాను. కావున నా మాటలను కొంచెము తూచియే తీసికొనుడు. చట్రములకు వలయు కలప నా అడితినుండి కొనరాదనియు, కొన్నచో అసలు ధరకే యిచ్చెదననియు కార్యవర్గమునకు వ్రాసి యిచ్చియున్నాను.

ఈ వాదమంతయు దేనికొఱకు? మన యిండ్లలో ముత్తైదువలు పాడిన పెండ్లిపాటలు, అప్పగింత పాటలు, దంపుళ్ల పాటలు పాత టేపులనుండి కంప్యూటరులోని కెక్కించి నెలకొకసారి వినిపించుచున్నాము. పాడినవారిలో పలువురు నేడు లేరు. మన పిల్లలలో చాలమందికి తెలుగు చెవిద్వారా వచ్చినదే గాని కంటిద్వారా వచ్చినది కాదు. మాట స్పష్టముగా వినబడనిచో ఆ పాట వారికి వట్టి రాగముగా మిగులును. మన హాలులోని బూర స్పీకర్లలో అవ్వ పలికిన 'ళ'కును 'ల'కును భేదము తెలియుట లేదు. ఆ చిక్కు తీర్చుటకే యీ ప్రయత్నము.

ఇక వస్తువును గూర్చి. సాధారణపు స్పీకరులో కాగితపు గరాటు ఒకటి పెట్టెలో బిగించియుండి ముందువెనుకల కాడును. పలక స్పీకరునకు పెట్టె లేదు. విశాలమైన సన్నని పొర యొకటి చట్రమున బిగువుగా నుండి ధ్వనించును. ఇందు రెండు జాతులు కలవు. విద్యుత్తు ఆకర్షణచే పొర కదలునది యొకటి. 1957లో ఇంగ్లండునందలి హంటింగ్డన్ పట్టణమునుండి పీటర్ వాకరు గారి క్వాడ్ స్పీకరు ఆ జాతిలో ప్రసిద్ధికెక్కినది. అయస్కాంతముచే పొర కదలునది రెండవది. అమెరికాలో 3ఎమ్ సంస్థయందు ఇంజనీరుగా నుండిన జిమ్ వైనీ గారు దీనిని రూపొందించి, 1969లో మిన్నెసోటా రాష్ట్రపు వైట్ బేర్ లేక్ పట్టణమున మాగ్నెపాన్ అను సంస్థను స్థాపించిరి. మనకు వచ్చిన జత ఆ సంస్థదే, పాత నమూనా.

దాని లోపలి నిర్మాణము సులభమైనది. చిల్లులు పొడిచిన ఇనుపరేకు మీద అయస్కాంతపు పట్టీలు వరుసగా అతికియుండును. వాటి కెదురుగా, కొంచెము ఎడముగా, వెండ్రుకకంటె పలుచనైన మైలారు పొర బిగింపబడియుండును. పొరమీద సన్నని లోహపు తీగ పైకిని క్రిందికిని పరచి జిగురుతో అంటింపబడియుండును. తీగలో సంగీతపు విద్యుత్తు పాఱగానే అయస్కాంతము దానిని నెట్టును, లాగును. తీగతో పొరయు కదలును. దీనికి గోడప్లగ్గుతో పనిలేదు, ఆంప్లిఫయరు చాలును. అయితే బలమైన ఆంప్లిఫయరే కావలెను. చిన్నవాటికి ఈ స్పీకరు లొంగదు.

ఈ స్పీకరు ముందునకును వెనుకకును సమానముగా ధ్వనించును; ప్రక్కలకు మాత్రము మిక్కిలి తక్కువ. ప్రక్కగోడలకు తగిలి మరలివచ్చు మ్రోత తగ్గుటచే మాట విడివిడిగా వినబడును. మన చదువుగది వంటి ముప్పది నలుబదిమంది పట్టు గదికి ఇది తగినది. పెండ్లిమంటపమునకు పనికిరాదు. అచ్చట బూరలే ఉండవలెను.

మరి చట్రము సంగతి యేమి? సంస్థవారు చట్రమును ఎమ్‌డీఎఫ్‌తో చేసిరి. కట్టెను నారగా పిప్పిచేసి జిగురు కలిపి వేడిలో అదిమిన పలక యది. దానిని నిందింపను. సమముగా నుండును, చవుక, యంత్రమునకు సులభము. కాని సన్నని పట్టీగా కోసి నిలువెత్తున నిలిపినప్పుడు మంచి చేవకట్టెకున్న బిఱుసు దానికి లేదు. తేమ తగిలినచో అంచులు ఉబ్బును. ఒకసారి ఉబ్బినది మరల యథాస్థితికి రాదు. మరలు ఒకటి రెండుసార్లు విప్పి బిగించినంతనే పట్టు వదలును. మన జతకు క్రిందిమూల లట్లే ఉబ్బియున్నవి. పైగా అంత యెత్తు పలకను రెండు చిన్న పాదములపై నిలిపినందున, బరువైన మద్దెల దెబ్బ వచ్చినప్పుడు పైయంచుపై వ్రేలుంచినచో వణకు తెలియును. పొర గాలిని ముందునకు నెట్టునప్పుడు చట్రమును వెనుకకు నెట్టును గదా. పొర మిక్కిలి తేలిక గనుక ఆ నెట్టుడు చిన్నదే. గాని పలక పొడవు, పాదము చిన్నది.

చట్రము మార్చినంతనే స్వర్గము దిగివచ్చునని చెప్పువారిని నేను నమ్మను. వణకు తగ్గును, మంద్రస్వరములు కొంచెము గట్టిపడును, కఱ్ఱ తరతరములు నిలుచును. ఇంకొక లాభము కలదు. వెనుకనుండి వచ్చు ధ్వని అంచు చుట్టి ముందుకు వచ్చి ముందుధ్వనిని చంపును. మంద్రమున ఈ నష్టమెక్కువ. చట్రపు కమ్ములు నాలుగంగుళముల వెడల్పున్నచో ఆ చుట్టుదారి పెరిగి నష్టము కొంత తగ్గును. అందుచే సన్నకమ్మి అందముగా నుండునని యెవరైన చెప్పినను వినవద్దు.

ఏ కఱ్ఱ? ఇది నా వృత్తి గనుక కొంచెము నిలిచి చెప్పెదను. జిట్రేగి బరువైనది, బిఱుసైనది, చూపునకు రాజసమైనది. కాని అది అరుదైపోయినది. తమిళనాడులో ఆ చెట్ల రక్షణకై 1994లో ప్రత్యేక చట్టమే వచ్చినది. ఒక అలంకారమునకై క్రొత్త జిట్రేగి కొట్టించుట నాకు సమ్మతము కాదు. పనస మనకు ఆత్మీయమైనది. బొబ్బిలి వీణ పనసకఱ్ఱదే. కాని వీణకు మ్రోగు కఱ్ఱ కావలెను, స్పీకరు చట్రమునకు మ్రోగని కఱ్ఱ కావలెను. ఈ భేదమును చాలమంది మఱచుచున్నారు. ధ్వనించవలసినది పొర, కఱ్ఱ మౌనముగా నుండవలెను. మామిడి చవుక, పురుగునకు ప్రియము. ఇక మిగిలినది టేకు. జిట్రేగి యంత బరువు లేకున్నను టేకు మాట తప్పని కఱ్ఱ. ఎండకు వానకు తక్కువ కదలును, చెద సామాన్యముగా చేరదు.

టేకులోను పాతటేకు మేలు. మన పాతయిండ్లు పడగొట్టినప్పుడు వచ్చు దూలములు, ద్వారబంధములు అడితులలో దొరకును. ఏబది అరువది యేండ్లు ఇంటిలో ఆరిన చేవ అది. క్రొత్తకఱ్ఱయే కొన్నచో అంగుళము మందమునకు ఒక సంవత్సరము చొప్పున నీడలో ఆరవలెనని పాతలెక్క. రెండంగుళముల కమ్మికి రెండేండ్లు. లేదా బట్టీలో ఆరిన కఱ్ఱ కొనవలెను. తెల్లచెక్క ఏ మూలను ఉండరాదు. పాతకఱ్ఱలో విరిగిన మేకులుండును. ఇనుము అయస్కాంతమునకు శత్రువు గనుక ఒక్కటియు మిగులరాదు.

రెండు చట్రములకు కలిపి రెండు ఘనపుటడుగుల లోపు కఱ్ఱ చాలును. కోతనష్టముతో మూడు అనుకొనుడు. ఖర్చంతయు చేతిపనిలోనే కలదు.

ఆ పనికి మన వీథి ఆచారిగారిని అడిగితిని. వారు స్పీకరును నలుప్రక్కల తట్టిచూచి, "తలుపు చట్రం చేసినట్టు చేస్తే చాలదు శెట్టిగారూ, వీణ చేసినట్టు చేస్తే మీ సంఘం డబ్బు చాలదు. నడుమ చేస్తాను" అనిరి. మూలలు మేకులతో గాక కుసి, బెజ్జములతో కూర్చవలెననియు, పాదము పలకకు ముందువెనుకల అడుగేసి సాగవలెననియు వారే నిర్ణయించిరి. పలకను చట్రమునకు జిగురుతో అంటింపరాదు. కఱ్ఱ పొడవున కదలదు గాని అడ్డముగా తేమనుబట్టి కదలును. నాలుగంగుళముల టేకు వేసవికిని వానకాలమునకును నడుమ మిల్లీమీటరు వరకు మారవచ్చును. ఆ సందు విడిచి, ఉన్నిపట్టీ పెట్టి, ఇత్తడి మరలతో పట్టవలెను.

మూడు హెచ్చరికలు చేయక తప్పదు. పలక విప్పియుండగా ఉలి, మరచుట్టు దగ్గరకు తేరాదు. అయస్కాంతము చేతినుండి లాగుకొని పొరను చింపివేయును. లక్కపాలిషు, రంగు అంతయు పలక బిగింపకముందే ముగించి ఆరబెట్టవలెను. ఆ స్పిరిటు ఆవిరి తీగ జిగురునకు మంచిది కాదు. ఇక క్వాడ్ జాతి స్పీకరు ఎవరియింట నున్నను దానిని వడ్రంగికి అప్పగింపకుడు. అందులో వేలకొలది వోల్టులుండును. ప్లగ్గు తీసిన తరువాతను కొంతసేపు నిలిచియుండును.

చట్రముకంటె ముందు చూడవలసిన దొకటి కలదు. పాత మాగ్నెపాన్ పలకలలో ఏండ్లు గడచిన జిగురు వదలి తీగ పొరనుండి లేచును. అప్పుడు కందిరీగ వలె రొద చేయును. అట్టిదానికి బంగారు చట్రము చేయించినను వ్యర్థమే. మన జతను గుడ్డ విప్పి దీపము పెట్టి చూపించితిమి. ఒకదానిలో క్రిందిభాగమున రెండు తీగలు జానెడు పొడవున లేచియున్నవి; రెండవది నిర్దోషము. లేచినవాటిని జిగురుతో మరల అంటించుట సాధ్యమే.

కాబట్టి నా ప్రతిపాదన యిది. నిర్దోషమైనదానికే మొదట చట్రము చేయింతము. రెండవదానికి తీగ అంటించి పాతచట్రముననే ఉంతము. రెంటిని ఒకేచోట ఒకదాని తరువాత ఒకటి నిలిపి, వెనుకగోడకు మూడడుగుల ఎడము విడిచి, ఒకే అప్పగింత పాటను ఒకే ఎత్తున వినిపింతము. ఏది యేదో తెలియకుండ తెర వేయుదము. అవ్వల పాటలు తెలిసిన పెద్దముత్తైదువలు నలుగురును, తెలియని పిల్లలు పదిమందియు విని, పాటలోని మాటలు కాగితముపై వ్రాయుదురు గాక. తెలుగు లిపి రానివారు వచ్చిన లిపిలో వ్రాయవచ్చును. క్రొత్తచట్రమునుండి వచ్చిన పాటలో మాటలు ఎక్కువ పట్టుపడినచో రెండవదానికిని డబ్బు మంజూరు చేయుడు. భేదము లేనిచో ఒక చట్రముతో ఖర్చు ఆగును. అప్పుడు అమ్మివేయుదమనువారి మాట నేనే బలపఱచెదను.

ఆచారిగారి కుమారుడు ఫ్యాక్టరీ ఉద్యోగమునకు పోవలెనని యున్నాడు. ఈ పనికి మాత్రము తండ్రిప్రక్కన కూర్చుందునని మాట యిచ్చినాడు. వానలు వెలిసినంతనే కోత మొదలు. కమ్ములు ప్రస్తుతము మా అడితిలో నీడన పేర్చియున్నవి. చూడదలచినవారు సాయంకాలము ఐదు దాటిన తరువాత రావచ్చును. ఇక ప్రశ్నలున్నచో అడుగుడు.