ఆరోగ్యం కోసం ఆగడం మన హక్కు
(గణపవరంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వూళ్లో నేను ఎప్పుడు మాట్లాడినా కొల్లేరు గురించో, కూలి రేట్ల గురించో మాట్లాడాను. ఈసారి నా ఆపరేషన్ గురించి చెప్పమన్నారు. ఇది నా సొంత గొడవగా కనిపించినా, మనందరికీ సంబంధించిన హక్కుల విషయం ఇందులో వుంది గనుక వొప్పుకున్నాను.

2025 మార్చి 10 నుంచి 21 వరకు న్యూయార్క్‌లో ఐక్యరాజ్య సమితి మహిళా కమిషన్ సమావేశాలు జరిగాయి. 1995 నాటి బీజింగ్ మహాసభ తీర్మానాలు ముప్పై ఏళ్లలో ఎంతవరకు అమలయ్యాయో సమీక్షించిన సమావేశాలవి. వాటితో పాటు జరిగే స్వచ్ఛంద సంస్థల సభల్లో కొల్లేరు స్త్రీల గురించి మాట్లాడమని నాకు పిలుపు వచ్చింది. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేసిన తర్వాత లంక గ్రామాల ఆడవాళ్ల బతుకుతెరువు ఏమయిందో అంత పెద్ద వేదిక మీద చెప్పాలని ఏళ్ల తరబడి అనుకున్నదాన్ని. టిక్కెట్టు కూడా వాళ్లే ఇస్తామన్నారు. అయినా రాలేనని జవాబు రాశాను. ఏప్రిల్ మొదటి వారంలో విజయవాడలో నాకు బరువు తగ్గించే ఆపరేషన్ అప్పటికే నిర్ణయమయింది.

అప్పుడు నా బరువు 116 కిలోలు. అదుపులోకి రాని షుగరు, నిద్రలో వూపిరి ఆగిపోయే జబ్బు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8.6 వచ్చింది. ఇంత లావు మనిషికి రక్తం తక్కువేమిటని ఇంట్లో వాళ్లు ఆశ్చర్యపోయారు. ఇందులో ఆశ్చర్యం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో 36.3 శాతం మంది అధిక బరువుతో వున్నారు, 58.8 శాతం మందికి రక్తహీనత వుంది. కడుపు నిండా అన్నం తిన్నా, పప్పూ కూరా గుడ్డూ చివరికి మిగిలితేనే తినే మనకు ఈ రెండూ ఒకే వొంట్లో వుండగలవు.

ఈ ఆపరేషన్‌కు ముందు వారాలు ఆపరేషనంత ముఖ్యం. రక్తం పెంచాలి, షుగరు దించాలి, రాత్రుళ్లు మాస్కు మిషను పెట్టుకుని పడుకోవాలి. చివరి రెండు వారాలు అన్నం, పిండి పదార్థాలు బాగా తగ్గించాలి. కొవ్వు పట్టి పెరిగిన కాలేయం అప్పుడు కుంచించుకుని, డాక్టరుకు కడుపు సంచి చక్కగా కనబడుతుంది. నాలుగు గంటలకు మించి కదలకుండా ప్రయాణం చేస్తే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం 2007లో చెప్పింది. మామూలు మనుషులకు అది చిన్న ప్రమాదమే. వూబకాయం వుండి, వెంటనే ఆపరేషన్‌కు వెళ్లవలసిన వాళ్లకు అంత చిన్నది కాదు. నేను ఎక్కవలసింది పోనూ రానూ ఇరవై గంటలకు పైబడిన ప్రయాణం.

"సన్నబడ్డానికి అమెరికా మానుకుంటావా వదినా!" అన్నారు. "ఆపరేషనే వాయిదా వేసుకోరాదూ?" అన్నారు. పూర్వం మా ఆడపడుచు పురిటికని నేను ఢిల్లీ శిక్షణ మానుకుంటే ఇదే మనుషులు ఎంత బుద్ధిమంతురాలో అని మెచ్చుకున్నారు. ఇతరుల కోసం మానుకుంటే మంచి కోడలు, తన కోసం మానుకుంటే స్వార్థపరురాలు! ఈ లెక్క ఇంట్లోనే కాదు, మన సంస్థల్లోనూ వుంది.

సన్నబడటానికీ చికిత్సకూ తేడా కూడా మనం చెప్పుకోవాలి. 2015 జూన్‌లో నటి ఆర్తి అగర్వాల్ 31 ఏళ్లకే చనిపోయారు. కొద్ది వారాల ముందు కొవ్వు తీసే ఆపరేషన్ చేయించుకున్నారని పత్రికలు రాశాయి. ఆ ఆపరేషన్ వేరు, కడుపు సంచిని తగ్గించే ఆపరేషన్ వేరు. మరణానికి కారణం మనం వూహించనక్కరలేదు. కానీ ఆమె వొంటిని గురించి ఎంతమంది ఎన్ని మాటలన్నారో మాత్రం గుర్తుంచుకోవాలి. పెళ్లి కోసమో, సినిమా కోసమో, వెక్కిరింపులు పడలేకో ఏ ఆడపిల్లా కత్తి కిందకు వెళ్లకూడదు. జబ్బు వున్న మనిషి మాత్రం వెక్కిరింపులకు భయపడి చికిత్స మానుకోకూడదు.

నేను మానుకున్నందువల్ల నష్టం జరగలేదని చెప్పను. నా బదులు లంక గ్రామపు యువ కార్యకర్తను పంపమన్నాను. వీసాకు వ్యవధి లేదన్నారు. కొల్లేరు మాట అక్కడ ఎవరూ చెప్పలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ వుంది. ఆపరేషన్ సవ్యంగా జరిగింది, బరువు తగ్గుతోంది. విటమిన్ మాత్రలు మాత్రం జీవితాంతం మింగాలి.

అందుకే మన సంస్థలను మూడు విషయాలు అడుగుతున్నాను. ఒకటి, ఏ పిలుపు వచ్చినా మొదటి రోజు నుంచే ఇద్దరిని సిద్ధం చెయ్యండి, ఇద్దరికీ పాస్‌పోర్టు తీయించండి. రెండు, ఆరోగ్యం కోసం ఆగిన మనిషికి తర్వాతి అవకాశం రాతపూర్వకంగా వుంచండి. మూడు, కార్యకర్తలకు ఆరోగ్య బీమా చేయించండి. బి.ఎం.ఐ. 40 దాటిన వాళ్లకు, లేదా 35 దాటి తీవ్రమైన జబ్బులున్న వాళ్లకు ఈ ఆపరేషన్‌ను కొన్ని షరతులతో బీమాలో చేర్చే నిబంధనలను బీమా నియంత్రణ సంస్థ 2019లోనే ఇచ్చింది. పాలసీ తీసుకునేటప్పుడే ఆ షరతులు చదివించుకోండి.

రేపు మీలో ఎవరైనా "ఈసారి రాలేను, నా వొంట్లో బాగాలేదు" అంటే, ఎందుకని నిలదీయకండి. ఆమె కుర్చీ ఆమె వచ్చేదాకా ఖాళీగా వుంచండి.