మాట లేని చెక్కబొమ్మ

 

మాటా పాటా లేనిదే తోలుబొమ్మలాట లేదు. మన పక్కనే ఉన్న కొండపల్లి చెక్కబొమ్మ మాత్రం నోరు విప్పకుండానే కథ చెబుతుంది. తేలికైన తెల్లపొణికి చెక్కతో కాళ్లూ చేతులూ విడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. తాటిచెట్టు ఎక్కే కల్లుగీత బొమ్మ ఎవరో ఒంటి వంపే చెబుతుంది. సంక్రాంతి కొలువులో ఇలాంటి బొమ్మలే పల్లెనంతా చూపిస్తాయి.

ఇప్పుడు పొణికి చెక్క దొరకడమే కష్టమవుతోంది. అందుకే నా విన్నపం: మన సంఘం తరఫున కొన్ని బొమ్మలు కొని బడికిద్దాం. మాటలు లేకుండా కథ ఆడించమని పిల్లలకు చెబుదాం. తరగతిలో నోరు మెదపని పిల్లలకూ అందులో చోటుంటుంది. కొండపల్లి కళాకారులకూ నాలుగు బొమ్మల పని దొరుకుతుంది.