సినిమా వదిలాక

(స్మారకోపన్యాసం పూర్తి పాఠం, పేట్ బషీరాబాద్)



జీవితమంతా సర్కారు బడిలో సాంఘికశాస్త్రం చెప్పిన ఒక ఉపాధ్యాయుడి జ్ఞాపకార్థం ఏర్పాటైన ఉపన్యాసం ఇది. సభల్లో తన పేరు పదేపదే పలకడం ఆయనకు గిట్టేది కాదు. అందుకని నేనూ మీలాగే ‘సారు’ అంటాను. చారిత్రక సినిమా ఏదైనా వచ్చిందంటే పిల్లల్ని వద్దనేవారు కాదు. ‘చూసి రండి, తర్వాత మాట్లాడుకుందాం’ అనేవారు. వచ్చాక రెండు ప్రశ్నలు వేసేవారు. ఇందులో నీకు నమ్మబుద్ధి కానిది ఏది? అది ఎక్కడ తేలుతుంది? నేను ఇవాళ చెప్పబోయేదంతా ఆ రెండో ప్రశ్న గురించే.

సినిమాలు చరిత్రను పాడుచేస్తున్నాయని పండితులు బాధపడతారు. పుస్తకాలు చదివేదెవరు, మా వల్లే కదా నలుగురికీ తెలుస్తోంది అని సినిమావాళ్లు అంటారు. రెండింటిలోనూ నిజం ఉంది. ఈ తగువులో చూసినవాడి సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. కొంపల్లిలో సినిమా చూసి బయటికొచ్చిన కుర్రాడికి వారం పది రోజులు ఆ ఊపు ఉంటుంది. ఆలోగా అతనికి ఒక పుస్తకమో, వెళ్లి చూసి రాగలిగిన చోటో, అడిగితే చెప్పే మనిషో దొరికితే ఆ ఊపు ఆసక్తిగా నిలబడుతుంది. దొరక్కపోతే వచ్చే శుక్రవారం ఇంకో సినిమా ఉండనే ఉంది.

చందుపట్ల రాయి

2015లో గుణశేఖర్ ‘రుద్రమదేవి’ వచ్చింది. హాల్లో ఈలలన్నీ గోన గన్నారెడ్డికి పడ్డాయి. శాసనాల్లో గోన వంశంవాళ్లు కాకతీయుల సామంతులు. గన్నారెడ్డిని గజదొంగ వేషంలో తెలుగువాళ్లకు ముందుగా పరిచయం చేసింది అడివి బాపిరాజు నవల. అంటే తెర మీద మనం చరిత్ర అనుకుని చూసినదాంట్లో కొంత సాహిత్యం ఉంది. అందులో తప్పేమీ లేదు, ఏది ఏదో తెలిస్తే చాలు.

మరి రుద్రమ ఎలా చనిపోయింది? పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. జవాబుకు ఆచూకీ నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్లలో ఒక రాతి మీద ఉంది. తేదీ 1289 నవంబరు 27. రాయించినవాడు రాజూ కాదు, మంత్రీ కాదు. పువ్వుల ముమ్మడి అనే బంటు. రుద్రమకూ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని గుడికి భూమి ఇచ్చాడు. రాణీ సేనానీ ఇద్దరూ ఒకేసారి పోయినట్టు కనబడటం వల్లే, ఆమె తిరగబడ్డ సామంతుడు కాయస్థ అంబదేవుడితో పోరులో మరణించి ఉంటుందని చరిత్రకారులు ఊహించారు. వయసు మళ్లిన రాణి యుద్ధానికి వెళ్లడం, ఆమె సైన్యంలోని ఒక మామూలు మనిషి తన కొద్దిపాటి స్తోమతతో ఆమెను తలుచుకోవడం, ఇవి ఏ సినిమాకైనా పతాక సన్నివేశాలు. ఏ సెట్టూ వేయక్కర్లేకుండా ఆ రాయే వీటిని మనకు తట్టిస్తుంది.

ఆ రోజుల్లో తెలుగు తీరానికి వచ్చిన మార్కోపోలో రుద్రమను మెచ్చుకుంటూ రాశాడు గానీ, ఆమెను రాజుగారి భార్యగా, భర్త పోయాక రాజ్యమేలుతున్న రాణిగా పొరబడ్డాడు. ఆమె గణపతిదేవుడి కూతురు. సమకాలికుడే పొరబడినప్పుడు ఏడు వందల ఏళ్ల తర్వాత సినిమా తీసినవాడు పొరబడటం వింత కాదు. ఆధారాన్ని ఆధారంతో సరిచూడటం నేర్పితే పిల్లలు రెంటినీ దాటి ముందుకు వెళ్తారు.

మన్యంలో కూలి లెక్క

1974 మే 1న విడుదలైన ‘అల్లూరి సీతారామరాజు’ కృష్ణకు నూరో సినిమా, తెలుగులో తొలి సినిమాస్కోప్. దర్శకుడు వి. రామచంద్రరావు మధ్యలోనే కన్నుమూస్తే మిగతావాళ్లు పూర్తిచేశారు. శ్రీశ్రీ పాటకు జాతీయ పురస్కారం వచ్చింది. యాభై ఏళ్లుగా సీతారామరాజు అనగానే మనకు కళ్లకు కట్టేది కృష్ణ ముఖమే. సినిమాకు ఇంతకన్నా బలం ఏం కావాలి?

ఆ బలం పాఠానికి పనికొచ్చేది ఎక్కడో చూద్దాం. మైదానం నుంచి వచ్చిన పాతికేళ్ల యువకుడి వెనుక కొండవాళ్లు ఎందుకు నడిచారు? సినిమా చూస్తే అతని తేజస్సు వల్ల అనిపిస్తుంది. కాగితాలు చూస్తే ఇంకా సంగతులున్నాయి. 1882 మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయానికి అడ్డుపడింది. కొండ ఊళ్ల పెత్తందార్లైన ముఠాదార్ల పాత హక్కులు, రాబడి పోయాయి. రోడ్డు పనుల్లో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కూలి సరిగా ఇవ్వకుండా జనాన్ని పీడించాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణా మీద, ఆ వెంటనే కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద దాడులు జరిగాయి. ఇరవై ఆరు తుపాకులు చేజిక్కాయి. తీసుకున్న ఆయుధాల లెక్క స్టేషన్ పుస్తకంలో రాసి, సంతకం పెట్టి మరీ రాజు వెళ్లాడని చెబుతారు.

తెర మీద పక్కన నిలబడే పాత్రల వెంట వెళ్తే ఇంకా దొరుకుతుంది. రాజు అనుచరులైన గాం సోదరుల్లో గంటందొర పోరాటంలో చనిపోయాడు. మల్లుదొర జైలు పాలై బతికి బయటపడి, 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. కొండదారుల్లో తుపాకి పట్టిన మనిషి పార్లమెంటు మెట్లెక్కాడన్నమాట. ఈ ఒక్క సంగతి చెప్పి చూడండి, వెనక బెంచీ పిల్లలు కూడా ఆ తర్వాతేమైందని అడుగుతారు.

అల్వాల్ ఎంత దూరం

ఇంతవరకు దూరపు ఊళ్ల సంగతి. ఇప్పుడు మన ఇరుగుపొరుగుకు వద్దాం.

పక్కనే ఉన్న తిరుమలగిరి, అల్వాల్ పరిసరాలు కంటోన్మెంటు ప్రాంతం. శ్యామ్ బెనెగళ్ 1934లో తిరుమలగిరిలో పుట్టారు. తండ్రి శ్రీధర్ బెనెగళ్ ఫొటోగ్రాఫర్. తండ్రి ఇచ్చిన కెమెరాతో పన్నెండో ఏట తొలి సినిమా తీసిన ఆ పిల్లవాడే తెలంగాణ పల్లెలో దొరతనాన్ని ‘అంకుర్’లో చూపించాడు. 1988లో దూరదర్శన్ కోసం నెహ్రూ పుస్తకాన్ని ‘భారత్ ఏక్ ఖోజ్’గా యాభై మూడు భాగాల్లో తీశాడు. ఆదివారం పొద్దున వీధంతా టీవీ ఉన్న ఇంటికి చేరే రోజులవి. సింధు నాగరికత నుంచి స్వాతంత్ర్యం దాకా దేశచరిత్రను వరుసగా చూసిన మొదటి తరం మనదే. మన పక్క వీధుల్లో పెరిగిన మనిషి చూపించాడు.

బి. నర్సింగరావుది గజ్వేల్ దగ్గర ప్రజ్ఞాపూర్. శామీర్‌పేట దాటి రాజీవ్ రహదారిలో వెళ్తే వచ్చే ఊరే. ఆయన పెరిగింది అల్వాల్‌లో. 1970ల మొదట్లో అక్కడ ఆయన నడిపిన ఆర్ట్ లవర్స్ బృందంలోకే గద్దర్ పాటతో వచ్చి చేరాడు. ఆ సావాసం నుంచి ‘మా భూమి’ పుట్టింది. కథకు ఆధారం కిషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’. నిర్మాతలు నర్సింగరావు, జి. రవీంద్రనాథ్. దర్శకుడు గౌతమ్ ఘోష్ అనే బెంగాలీ యువకుడు, ఆయనకు ఇదే మొదటి కథాచిత్రం. తెర మీదికి మెదక్ జిల్లా మంగళపర్తి ఊరు వచ్చింది. సినిమా 1980 మార్చిలో విడుదలైంది.

ఆ సినిమాను దగ్గర నుంచి చూడండి. ముఖాలకు రంగు లేదు. గోచీ, గొంగడి, మట్టిగోడ, గడీ వాకిలి, వెట్టికి పోయే మనుషుల నడక, అన్నీ అక్కడివే. బండి యాదగిరి కట్టిన పాటను గద్దర్ గొంగడి కప్పుకుని, కర్ర పట్టుకుని పాడతాడు. పశులకాపరి పిల్లవాడి మీద సుద్దాల హనుమంతు రాసిన పాట వస్తుంది. ఇవి సినిమా కోసం పుట్టినవి కావు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య హత్యతో రాజుకుని, 1951 అక్టోబరులో విరమించిన తెలంగాణ సాయుధ పోరాటపు రోజుల్లో జనం నోట తిరిగినవి. సినిమా వాటిని భద్రపరిచి మనకు అందించింది. ‘మా భూమి’ చూసినవాళ్లు ఇంటికెళ్లి తాతను అడిగారు, మన ఊళ్లో దొర ఎవరు, గడీ ఎక్కడుండేది, వెట్టి నువ్వు చేశావా అని. చరిత్ర మీద ఆసక్తి అంటే నా దృష్టిలో అదే. రాజుల పేర్లు అప్పజెప్పడం కాదు, ఇంట్లో పెద్దవాణ్ణి ప్రశ్న అడగడం.

నర్సింగరావు 1988లో తీసిన ‘దాసి’కి అయిదు జాతీయ పురస్కారాలు వచ్చాయి. అందులో కళా దర్శకత్వానికి వైకుంఠం, వస్త్రాలకు సుదర్శన్ పొందినవీ ఉన్నాయి. గడీలో దాసి కట్టిన చీర, నేల, గిన్నె సరిగ్గా ఉండాలని అంత పట్టుబట్టారు. ఆయన డాక్యుమెంటరీ ‘మా ఊరు’ పల్లె బతుకును, చేతివృత్తులను పట్టుకుంది. అందులోని పనులు కొన్ని ఇవాళ చూద్దామన్నా కనబడవు. తీసినప్పుడు వర్తమానం, ఇప్పుడది చరిత్రకు ఆధారం.

భీం సినిమా ఇరవై ఏళ్ల నిరీక్షణ

సినిమా ఉన్నా చూసే దారి లేకపోతే ఏమవుతుందో గోండు వీరుడు కొమురం భీం కథ చెబుతుంది. అల్లాణి శ్రీధర్ 1990లో తీసిన సినిమా థియేటర్లకు వచ్చింది 2010లో. అంతకుముందే సాహు, అల్లం రాజయ్యల నవల ఉన్నా, మన పట్నం పిల్లల్లో చాలామందికి భీం పేరు తెలిసింది 2022లో ‘ఆర్ఆర్ఆర్’తో. అది ఊహాకథ అని తీసినవాళ్లే చెప్పారు. 1924లో మరణించిన రాజు, 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన భీం నిజానికి చేయి కలపలేదు. కానీ ఇద్దరినీ కలిపి చూపడం వల్ల ఒక మంచి ప్రశ్న పుట్టింది. మద్రాసు మన్యంలోనూ, నిజాం ఆసిఫాబాద్ అడవుల్లోనూ ఒకే రకం కష్టం ఎందుకు వచ్చింది? అటవీ చట్టాలు, పోడు, చౌకీదార్ల దౌర్జన్యం అని వెతికితే తెలుస్తుంది. భీం మరణం తర్వాత నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతుల్ని పరిశీలించమని మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను నియమించింది. ఆయన మార్లవాయిలో ఉండి పనిచేశాడు. సినిమా ఆగిపోయిన చోట నుంచి ఈ కథంతా ఉంది.

కెమెరా చూపించనిది

డాక్యుమెంటరీలో, ఫొటోలో అయితే నిజమే ఉంటుందన్న నమ్మకమూ వదులుకోవాలి. చేతులు జోడించిన నిజాం, ఎదురుగా సర్దార్ పటేల్ ఉన్న ఫొటోను ‘1948 సెప్టెంబరులో లొంగిపోయిన నిజాం’ అంటూ ఏటా పంచుకుంటారు. అది 1949 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో పటేల్‌కు స్వాగతం చెప్పినప్పటిది. 1948 సెప్టెంబరు 18న లొంగుబాటు ఇచ్చింది సేనాధిపతి ఎల్ ఎడ్రూస్, తీసుకున్నది జనరల్ చౌదరి. బొమ్మ అబద్ధం కాదు, కింద రాసిన మాట అబద్ధం.

2024లో రజాకార్ల మీద సినిమా వచ్చింది. 1948 ఆగస్టు 27న భైరాన్‌పల్లిలో రజాకార్లు జరిపిన మారణకాండ నిజం. ఆ సెప్టెంబరు నాటి పోలీసు చర్య తర్వాత ముస్లిముల మీద జరిగిన హింస గురించి సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన నివేదికా నిజమే. ఒకటి చూపి ఇంకోటి దాస్తే పిల్లలకు మనం ఇచ్చేది చరిత్ర కాదు, పగ. దీపా ధన్‌రాజ్ 1984 నాటి హైదరాబాద్ మతకల్లోలాల మీద తీసిన ‘క్యా హువా ఇస్ షహర్ కో?’ ఈ విషయంలో మేలైన పాఠం. కొట్లాటల వెనుక రాజకీయాన్ని, కర్ఫ్యూలో కూలి పోయిన ఇళ్లను అది చూపించింది.

మన వంతు

ఇప్పుడు మన ఊరి సంగతి. ఈ నాగపూర్ రోడ్డుకు అటూ ఇటూ, మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరు. అనాబ్-ఎ-షాహీ పందిళ్ల కింద కూలికి పోయినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. మీటర్ గేజ్ రైల్లో బొల్లారం, మేడ్చల్ మీదుగా ప్రయాణం చేసినవాళ్లు ఉన్నారు. జీడిమెట్ల ఫ్యాక్టరీల్లో మొదటి తరం కార్మికులు ఉన్నారు. ఈ జిల్లాలోనే కీసరగుట్టలో విష్ణుకుండినుల కాలపు ఇటుక కట్టడాలు, రాళ్లు చెక్కినవాళ్లు బండ మీద వదిలిన చిన్న శాసనం ఉన్నాయి. శివరాత్రికి లక్షలాది మంది గుట్ట ఎక్కుతారు, ఆ రాతి దగ్గర ఆగేవాళ్లు బహు కొద్దిమంది. తోటలు వెంచర్లయ్యాయి, వెంచర్లు అపార్ట్‌మెంట్లయ్యాయి. ఈ మార్పు మీద ఒక్క మంచి డాక్యుమెంటరీ మన చేతిలో లేదు.

అందుకని మూడు పనులు అడుగుతున్నాను. ఉపాధ్యాయులారా, ఏడాదికి ఒక్క సినిమా బడిలో చూపించండి. చూపించిన వారంలోపే దానికి సంబంధించిన చోటుకు పిల్లల్ని తీసుకెళ్లండి. కీసరగుట్టకు ఆర్టీసీ బస్సు ఉంది. గ్రంథాలయం చూసుకునేవాళ్లారా, సినిమా విడుదలైన రోజునే దాని కాలానికి సంబంధించిన నాలుగు పుస్తకాలు బల్ల మీద పెట్టండి. పిల్లలారా, మీ జేబులో ఉన్న ఫోను బెనెగళ్‌కు పన్నెండో ఏట దొరికిన కెమెరా కన్నా మెరుగైనది. ఈ సెలవుల్లో మీ వీధిలో డెబ్భై దాటిన ఒక్కరిని కూర్చోబెట్టి మాట్లాడించండి. పేరు, ఊరు, తేదీ ముందే చెప్పించండి. మధ్యలో అడ్డురాకండి, వెనక సంగీతం పెట్టకండి. ఒక నకలు గ్రంథాలయానికి ఇవ్వండి.

వచ్చే ఏడాది ఈ సభలో ఉపన్యాసం అక్కర్లేదు. మీరు తీసిన ఆ రికార్డింగులు వేయండి, అందరం కూర్చుని చూద్దాం. సారు పేరు మీద జరగాల్సిన పని అదే.